ఒక ఇంజను ఆగితే విమానం కూలుతుందా?

హైదరాబాద్ అమీర్‌పేటలో పాత డాబాల మీద బట్టలారేసుకున్నవాళ్ళకు విమానం పొట్ట ఎలా ఉంటుందో బాగా తెలుసు. 2008 మార్చిలో రాకపోకలు శంషాబాద్‌కు మారేదాకా బేగంపేట విమానాశ్రయానికి వచ్చే జెట్‌లు ఈ పేటల పక్కనుంచే, చక్రాలు కనిపించేంత కిందుగా పోయేవి. మైత్రీవనం దగ్గర ఆ హోరుకు మాట ఆపి తలెత్తి చూసినవాళ్ళకు ఎప్పుడో ఒకసారి భయం కలిగే ఉంటుంది: ఇప్పుడు ఇంజను ఆగిపోతే?

ఒక్కటి ఆగినంత మాత్రాన విమానం కూలకూడదు. అలా తయారైన విమానానికే ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఇస్తారు. ప్రతి టేకాఫ్‌కూ ముందే పైలట్లు ఒక వేగాన్ని లెక్కగట్టుకుంటారు. దాని పేరు వీ-వన్. విమానం బరువు, రన్‌వే పొడవు, ఆనాటి ఎండ, గాలి, అన్నీ చూసి తేల్చే లెక్క అది. ఆ వేగం రాకముందు ఇంజను చెడితే బ్రేకు వేసి ఆపాలి. వచ్చాక చెడితే ఆగకూడదు, మిగిలిన ఇంజనుతోనే లేవాలి. చక్రాలు లోపలికి ముడుచుకున్నాక రెండింజన్ల జెట్ ఒక్క ఇంజనుతో కిలోమీటరు ముందుకు పోయేసరికి కనీసం 24 మీటర్లు పైకెక్కగలగాలి. అంటే సుమారు ఎనిమిదంతస్తుల మేడంత. ఎక్కువేమీ కాదు గానీ, చుట్టూ తిరిగి వచ్చి దిగడానికి చాలు.

మరి 1976 అక్టోబరు 12న బొంబాయిలో ఏం జరిగింది? మద్రాసు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 171వ విమానం లేచిన కాసేపటికే ఒక ఇంజను చెడి, వెనక్కి తిరిగి వస్తూ కూలిపోయింది. అందులో ఉన్న 95 మందిలో ఒక్కరూ మిగల్లేదు. మలయాళ నటి రాణీ చంద్ర వాళ్ళలో ఒకరు.

ఆ విమానం కారవెల్. 1955లో ఫ్రాన్సులో తొలిసారి ఎగిరిన తొలితరం జెట్. దాని రెండు ఇంజన్లూ రెక్కల కింద కాక వెనక తోక దగ్గర, శరీరానికి అటూ ఇటూ అంటుకుని ఉండేవి. అప్పటికి అది కొత్త ఆలోచన, మంచి ఆలోచన కూడా. రెక్క కింది ఇంజను ఒకటి ఆగితే ముక్కు ఆ పక్కకు గట్టిగా లాగేస్తుంది. ఇంజన్లు దగ్గరదగ్గరగా ఉంటే ఆ లాగుడు తక్కువ. కాబట్టి శక్తి తగ్గడమొక్కటే అయితే కారవెల్ నిలబడగలిగేదే.

కానీ అక్కడ ఇంజను ఊరికే ఆగలేదు, పగిలింది. ఇంజనులోకి వచ్చిన గాలిని అదిమిపట్టే కంప్రెసర్‌లో వరసగా బరువైన లోహపు చక్రాలుంటాయి. నిమిషానికి వేలసార్లు తిరుగుతాయి. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు పుటుక్కున తెగుతుంది కదా? ప్రతి ప్రయాణమూ ఆ చక్రానికి అలాంటి ఒక వంపే. పదో వరస చక్రంలో కంటికి ఆనని పగులు పెరిగి పెరిగి ఆ రోజు చక్రం విడిపోయింది. ముక్కలు ఇంజను తొడుగును చీల్చుకుని బయటికొచ్చి ఇంధనం గొట్టాన్ని తెంపాయి. మంట రేగింది. విమానాన్ని తిప్పే పలకలను కదిలించేది హైడ్రాలిక్ నూనె ఒత్తిడి. మంటకు ఆ నూనె పోయింది. రన్‌వే ఎదురుగా కనబడుతుండగా విమానం పైలట్ల చేతుల్లోంచి జారిపోయింది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. వాళ్ళు దాదాపు చేరుకున్నారు.

అందుకే ఇప్పుడు ఇలాంటి చక్రాలకు ఆయుష్షు లెక్కగడతారు. ఇన్ని ప్రయాణాలని ముందే రాసిపెట్టి, పైకి ఎంత బాగున్నా గడువు నిండగానే తీసేస్తారు. నియంత్రణ వ్యవస్థలను కూడా ఒకదానికొకటి దూరంగా, విడివిడి దారుల్లో పెడతారు. 2010 నవంబరులో సింగపూర్ నుంచి లేచిన క్వాంటాస్ ఎయిర్‌బస్ 380లో ఇలాగే ఇంజను చక్రం పగిలి ముక్కలు రెక్కలోంచి దూసుకుపోయాయి. అందులోని 469 మందీ క్షేమంగా దిగారు.

బేగంపేటకు కూడా ఒక చేదు రోజుంది, 1978 డిసెంబరు 17. ఆ రోజు చెడింది ఇంజను కాదు, రెక్క. రెక్క ముందు అంచున కిందికి తెరుచుకునే భాగాలుంటాయి. అవి తెరుచుకుంటేనే టేకాఫ్ సమయంలోని తక్కువ వేగంలో విమానాన్ని మోసేంత బలం రెక్కకు వస్తుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737లో ఆ భాగాలు పనిచేయలేదు. ఇంజన్లు లాగుతున్నా రెక్క మోయలేదు. టేకాఫ్ విరమించారు గానీ, విమానం రన్‌వే మీద ఆగలేదు. పొట్ట మీద జారుకుంటూ కంచె దాటిపోయింది. లోపలున్న 132 మందిలో ఒక ప్రయాణికుడు చనిపోయారు. బయట గడ్డి కోసుకుంటున్న మరో ముగ్గురి ప్రాణాలు పోయాయి.

రన్‌వే చివర అలా దాటిపోయే విమానం కోసం ఖాళీ నేల వదలమని అంతర్జాతీయ నిబంధనలు ఇప్పుడు చెబుతున్నాయి. రన్‌వే దాటాక 60 మీటర్ల పట్టీ, ఆపైన వీలైతే 240 మీటర్లు. అందులో గోడ ఉండకూడదు, గుంట ఉండకూడదు. గడ్డి కోసేవాళ్ళు కూడా ఉండకూడదు.