విత్తనము – ప్రజాభిప్రాయము

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి ప్రాంతము కాలువలతో నిండిన సీమ. ఒక ప్రక్క వరిచేలు, మరియొక ప్రక్క చేపల చెరువులు కన్నుల కగపడుచుండును. ఇచ్చటి రైతునకు విత్తనమే మూలధనము. అది చెడినచో ఏడాది కష్టమంతయు నీటిపాలగును; అప్పు మాత్రము మిగులును. కావున క్రొత్త విత్తనము వచ్చినపుడు "దీనివలన మేలెంత? కీడెంత?" అని యడుగు హక్కు రైతునకును, ఆ పంటను భుజించు ప్రజలకును కలదు.

ఒక జీవియందలి జన్యువును గైకొని వేరొక జీవియందు చేర్చుట జీవసాంకేతిక శాస్త్రములో నొక విద్య. మట్టిలో నుండు ఒక సూక్ష్మజీవి జన్యువును వంగమొక్కలో చేర్చి, కాయతొలుచు పురుగును చంపగల బీటీ వంకాయను శాస్త్రజ్ఞులు రూపొందించిరి. పురుగుమందుల ఖర్చు తగ్గునని కొందరు సంతోషించిరి. నిత్యము తిను కూర కదా, చేసిన పరీక్షలు చాలునా యని కొందరు శంకించిరి.

2009 అక్టోబరులో కేంద్రప్రభుత్వ నిపుణుల సంఘము దాని సాగునకు సమ్మతించెను. అయినను పర్యావరణ మంత్రి జైరాం రమేష్ తొందరపడక, 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో ఏడు నగరములందు బహిరంగ సభలు జరిపెను. వానిలో హైదరాబాదు ఒకటి. రైతులు, శాస్త్రజ్ఞులు తమ తమ వాదములను వినిపించిరి. ఫిబ్రవరి 9వ తేదీన, ప్రజలకు నమ్మకము కలుగునట్టి పరీక్షలు జరుగువరకు దాని సాగు నిలిపివేయబడెను. అదే వంకాయను బంగ్లాదేశము 2013లో అనుమతించెను. ఒకే విషయమున రెండు దేశములు రెండు త్రోవలు త్రొక్కినవి.

ఇప్పుడు ప్రశ్న వరిపొలము గట్టునకే వచ్చినది. 2025 మే నెలలో రెండు క్రొత్త వరి రకములు ప్రకటింపబడెను. ఒకదానికి మూలము బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. రెండవదానికి మూలము ఈ జిల్లాలోని మారుటేరు పరిశోధన స్థానమున రూపొందిన ఎం.టి.యు. 1010. వీనిలో పరజన్యువు లేదు. ఉన్న జన్యువునే సవరించిరి. అట్టి పంటలకు ప్రభుత్వము 2022లో కొన్ని కఠిన నియమములనుండి మినహాయింపు నిచ్చెను. అది తగునని కొందరు, తగదని కొందరు వాదించుచున్నారు.

ప్రజలు పలుకుటకు చట్టమునందును చోటు కలదు. 1989 నాటి నియమముల ప్రకారము జిల్లాలలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షక సంఘము లేర్పడవచ్చును. జన్యుమార్పిడి పంటల జాతీయ విధానమును అందరిని సంప్రదించి రూపొందింపవలెనని 2024 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించెను.

అయితే పలుకుటకు ముందు తెలిసికొనవలెను. తెలియక ఒప్పుకొనుట యెంత దోషమో, తెలియక కాదనుటయు నంతే దోషము. సంచిపై నున్న చీటిని చదువుట, కొన్న రసీదును దాచుట, సందేహమును గ్రామసభలో నిలిచి యడుగుట చిన్న పనులే. చదువు నేర్చిన పిల్లలు ఇంటిలోని పెద్దలకు ఆ చీటిని చదివి వినిపించినచో, ఈ మహాకార్యమున వారికిని పాలు దక్కును.