హంపీకి పోతే నీళ్ళ దారి చూడండి

మా యాడికి నుంచి హంపీకి ఒక్కరోజులో పోయి రావచ్చు. చీకటితోనే బయల్దేరి గుంతకల్లు, బళ్ళారి, హోస్పేట మీదుగా వెళ్ళాలి. చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకుంటే మధ్యాహ్నానికి సరి.

అందరూ రాతిరథానికే పరుగెడతారు. నన్నడిగితే, బిందె నీళ్ళ కోసం వరుసలో నిలబడే మనం ముందు చూడాల్సింది రాజుల ఆవరణలోని నల్లరాతి మెట్ల పుష్కరిణి. స్తంభాల మీద రాతి దోనెలు పేర్చి అంతదూరం నీళ్ళు తెచ్చారు! దగ్గర్లోనే భోజనశాల. కాలువకు అటూ ఇటూ రాతి పళ్ళేలు, అన్నానికీ కూరలకీ వేరువేరు గుంటలు. (తోమే పనీ తక్కువే!)

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత నగరం పాడుబడింది గానీ, ఆ రాజుల కాలంలో తుంగభద్ర నుంచి తవ్విన కాలువలు కొన్ని ఇప్పటికీ అక్కడి పొలాలను తడుపుతున్నాయి.

రథమున్న విఠలాలయం చల్లపొద్దుకు ఉంచుకోండి. ఎండాకాలం మాత్రం వద్దు, ఆ బండల మీద కాలు పెట్టలేం.