పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా.. మీటరు చూడాలా? వయసు చూడాలా?

హైదరాబాద్ నగరంలో పాత కార్ల అమ్మకాలు సాగే చోట్ల ఇప్పుడు స్పోర్ట్స్ కార్లు కూడా బారులు తీరుతున్నాయి. కొత్తదైతే అరకోటికి పైగా వెచ్చించవలసిన వాహనం కొన్నేళ్లు గడిచాక బాగా తక్కువ ధరకు లభిస్తుండటంతో, చిరకాల కోరికను తీర్చుకోవాలనుకునే వారు అటువైపు మొగ్గు చూపుతున్నారు. బేరం కుదిరే వేళ వారందరికీ ఎదురయ్యే సందేహం ఒక్కటే. తక్కువ కిలోమీటర్లు తిరిగిన పాత కారు మేలా? ఎక్కువ తిరిగినా వయసులో చిన్నదైన కారు మేలా? తొందరపాటుతో నిర్ణయం తీసుకుంటే ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము షెడ్డు పాలవుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదకూ వస్తుంది.

ఒకే ధర.. రెండు కార్లు

ఉదాహరణకు ఫోర్డ్ మస్టాంగ్ జీటీని తీసుకుందాం. ఐదు లీటర్ల ఇంజిన్, ఎనిమిది సిలిండర్లు కలిగిన ఈ కారును 2016లో మన దేశంలో ప్రవేశపెట్టారు. పూర్తిగా విదేశంలో తయారై దిగుమతి అయిన ఈ కారు ధర అప్పట్లో సుమారు రూ.65 లక్షలు. ఫోర్డ్ సంస్థ మన దేశంలో కార్ల తయారీని నిలిపివేస్తున్నట్లు 2021లో ప్రకటించింది. అందువల్ల ఆనాటి నమూనా కావాలనుకునే వారికి పాత కార్ల విపణే శరణ్యం.

అటువంటి కార్లు రెండు ఒకే ధరకు అమ్మకానికి వచ్చాయనుకుందాం. మొదటిది 2016 నాటిది, మీటరులో 9 వేల కిలోమీటర్లు. రెండోది 2018 నాటిది, 48 వేల కిలోమీటర్లు. చూడగానే ఎవరి మనసైనా మొదటి దానివైపే మొగ్గుతుంది. దాదాపు కొత్త కారే కదా అనిపిస్తుంది. అయితే ఆ 9 వేల కిలోమీటర్లను ఇన్నేళ్లకు పంచి చూస్తే ఏడాదికి సుమారు వెయ్యి కిలోమీటర్లే. అంటే ఆ కారు తన జీవితంలో అత్యధిక భాగం కదలకుండా నిలిచే ఉంది. రెండోది ఏటా ఆరేడు వేల కిలోమీటర్లు నడిచింది. ఇక్కడే అసలు లెక్క మొదలవుతుంది.

మీటరు చెప్పేది.. చెప్పనిది

కారు కదిలినప్పుడు అరిగేవాటికే మీటరు లెక్క వర్తిస్తుంది. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, సస్పెన్షన్ బుష్‌లు, చక్రాల బేరింగులు, టైరు గాళ్లు ఈ కోవలోకి వస్తాయి. ఇవి ఎంత తిరిగితే అంత అరుగుతాయి. మీటరు ఎక్కువగా ఉంటే వీటి ఖర్చు దగ్గర పడినట్లే.

అయితే మీటరు దూరాన్ని మాత్రమే కొలుస్తుంది. ఇంజిన్ ఎంతసేపు నడిచిందో చెప్పదు. జాతీయ రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల సగటు వేగంతో 10 వేల కిలోమీటర్లు నడిస్తే ఇంజిన్ పనిచేసింది 125 గంటలు. అదే దూరం నగర ట్రాఫిక్‌లో 20 కిలోమీటర్ల సగటుతో నడిస్తే 500 గంటలు. రీడింగ్ ఒకటే అయినా ఇంజిన్, గేర్‌బాక్సుల శ్రమలో నాలుగింతల తేడా. విజయవాడ రహదారిపై తిరిగిన 40 వేల కిలోమీటర్లకూ, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వద్ద ఆగుతూ సాగుతూ గడిపిన 40 వేల కిలోమీటర్లకూ పోలికే లేదు.

నిలిచి ఉన్నా తరుగుదలే

వయసు ప్రభావం వేరు. కారు షెడ్డు దాటకపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. రబ్బరు గొట్టాలు, ఆయిల్ సీళ్లు, గాస్కెట్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్లిస్తాయి. మన ఎండలు దీనిని మరింత వేగిరం చేస్తాయి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి తుప్పుకు తోడవుతుంది. బ్యాటరీ వాడకపోయినా నీరసిస్తుంది. అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపివేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరి కాక ఆయిల్‌లో కలుస్తుంది. ఇక నెలల తరబడి కదలని కారులో ఎలుకలు చేరి వైర్లు కొరికివేయడం మన ఊళ్లలో తెలియని విషయం కాదు.

బ్రేక్ ఆయిల్ సంగతి మరీ ముఖ్యం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరిన తర్వాత ఆ పరిమితి 155 డిగ్రీలకు పడిపోతుంది. అధిక వేగంలో పదేపదే బ్రేకు వేస్తే పుట్టే వేడికి ఆయిల్ మరిగితే పెడల్ కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. అందువల్లనే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే దానితో సంబంధం లేకుండా రెండేళ్లకోసారి దీనిని మార్చాలని తయారీదారుల్లో చాలామంది సూచిస్తారు.

కొన్ని కార్లలో వయసు చేసే ఖర్చు లక్షల్లో ఉంటుంది. 1990లలో వచ్చిన ఫెరారీ ఎఫ్355నే చూడండి. దాని టైమింగ్ బెల్టులను తిరిగినా తిరగకపోయినా కొన్నేళ్లకోసారి మార్చవలసిందే. అందుకోసం ఇంజిన్‌నే కిందికి దించాలి. మస్టాంగ్ జీటీలో బెల్టుకు బదులు గొలుసు ఉంటుంది గనుక ఆ బాధ లేదు. కొనదలచిన కారులో బెల్టు ఉందా, గొలుసు ఉందా అన్నది ముందే తెలుసుకోవాలి.

టైరే తొలి సాక్షి

కారు వయసు గురించి అబద్ధమాడనిది టైరు. దాని పక్కభాగంపై డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైర్లను మార్చాలని పలు కార్ల కంపెనీలు సూచిస్తాయి. పదేళ్లు దాటితే చూడటానికి బాగున్నా తీసివేయాలన్నది టైర్ల తయారీదారుల మాట. గాళ్లు నిండుగా ఉన్నంత మాత్రాన టైరు మంచిదని భ్రమపడరాదు. రబ్బరు గట్టిపడితే రోడ్డును పట్టుకోదు.

‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ చిత్రాల కథానాయకుడు పాల్ వాకర్ 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో దుర్మరణం పాలయ్యారు. మిత్రుడు నడుపుతున్న 2005 నాటి పోర్షే కరేరా జీటీలో ఆయన ప్రయాణిస్తున్నారు. గంటకు 80 నుంచి 93 మైళ్ల వేగంతో వెళ్లడమే ప్రమాదానికి కారణమని, యంత్రలోపమేదీ కనిపించలేదని దర్యాప్తు అధికారులు తేల్చారు. అదే సమయంలో, టైర్లు తొమ్మిదేళ్ల నాటివని, వాటి వయసు కారు నియంత్రణను దెబ్బతీసి ఉండవచ్చని కూడా పేర్కొన్నారు. శక్తిమంతమైన కారు, పాత టైర్లు ఎంతటి ప్రమాదకర కలయికో దీనిని బట్టి గ్రహించవచ్చు.

చట్టానికీ, బీమాకూ వయసే లెక్క

రవాణా శాఖ కార్యాలయంలో మీటరును ఎవరూ అడగరు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత సామర్థ్య పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకోసారి పునరుద్ధరిస్తారు. ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి సాధారణ కార్లకు రూ.5 వేలకు, దిగుమతి చేసుకున్న కార్లకు రూ.40 వేలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన వాహనాలకు 2025 ఆగస్టులో దానిని మరింత పెంచారు. పై ఉదాహరణలోని మొదటి కారుకు 2031లోనే గడువు ముగుస్తుంది. రెండో దానికి మరో రెండేళ్ల వెసులుబాటు ఉంటుంది.

ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కారైతే అక్కడి అధికారుల నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఇక్కడ జీవితకాల పన్ను చెల్లించాలి. ఆ పన్నును కూడా కారు వయసును బట్టే లెక్కిస్తారు. ధర తక్కువని పొరుగు రాష్ట్రపు కారు కొని, పన్ను మొత్తం చూశాక కంగుతినేవారు ఉన్నారు.

బీమా సంగతీ అంతే. కారు విలువను ఆరు నెలల్లోపు 5 శాతం, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు 50 శాతం తగ్గించి లెక్కగడతారు. ఆ పైన బీమా సంస్థ, యజమాని అంగీకారంతో విలువ నిర్ణయమవుతుంది. ఇందులో ఎక్కడా కిలోమీటర్ల ప్రస్తావన లేదు. తక్కువ తిరిగిందని ఎక్కువ ధర చెల్లించినా, ప్రమాదం జరిగితే ఆ మేరకు పరిహారం వస్తుందన్న భరోసా ఉండదు.

మీటరునే తిప్పేస్తే?

మీటరును వెనక్కి తిప్పే మోసం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఏటా 4.5 లక్షలకు పైగా వాహనాలు తప్పుడు రీడింగ్‌తో అమ్ముడవుతున్నాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ అంచనా. 2011, ఆ తర్వాతి నమూనాల కార్లకు 20 ఏళ్ల వరకు అమ్మకం సమయంలో రీడింగ్‌ను లిఖితపూర్వకంగా వెల్లడించాలని అక్కడ 2021 నుంచి నిబంధన విధించారు. ఉద్యోగంలో చేరగానే పాత మస్టాంగ్ కొనాలని ఉబలాటపడే మన పిల్లలు అక్కడా ఎందరో ఉన్నారు. వారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

రీడింగ్‌ను మార్చగలరు గానీ అరుగుదలను దాచడం కష్టం. 9 వేల కిలోమీటర్లే తిరిగిన కారులో స్టీరింగ్ తోలు నునుపుదేలి, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి, డ్రైవర్ సీటు అంచు నలిగి ఉంటే అనుమానించవలసిందే. సర్వీసు బిల్లులపై తేదీ, రీడింగ్ రెండూ ఉంటాయి. వాటిని వరుసగా పేర్చితే నిజం దానంతట అదే బయటపడుతుంది.

ఇంతకూ ఏది మేలు?

రెండు అంకెల కన్నా ముఖ్యమైనది మూడోది ఉంది. అది బిల్లుల కట్ట. రెండో కారు యజమాని ఏటా ఆయిల్ మార్పించి, టైర్లు, బ్రేకులు సమయానికి వేయించి, కాగితాలు భద్రపరచి ఉంటే, 48 వేల కిలోమీటర్లు దానికి లోపం కానే కాదు. అరిగేవి అరిగాయి, మార్చవలసినవి మార్చారు. మొదటి కారుకు అటువంటి కాగితాలు లేకుంటే, ఆ ఖర్చంతా కొన్నవారి నెత్తిన పడుతుంది. నాలుగు టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, గొట్టాలు, బెల్టుల ఖర్చును ముందే లెక్కగట్టి అడిగిన ధరలో తగ్గించుకోవాలి. అందుకు అమ్మేవారు ఒప్పుకోకుంటే రెండో కారే లాభసాటి.

అయితే తక్కువ తిరిగినా ఏటా సర్వీసు చేయించి, నెలకోసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడిపిన కారైతే మొదటిదే ఉత్తమం. అలాగే రేసు ట్రాక్‌పై నడిపిన కారు ఎంత చిన్న వయసుదైనా, ఎంత తక్కువ తిరిగినా దూరంగా ఉండటమే శ్రేయస్కరం.

కొనే ముందు ఇవి మరవకండి

* నాలుగు టైర్లపైనా తయారీ వారం, సంవత్సరం చూడాలి. నాలుగూ ఒకే కాలానివి కాకుంటే కారణం అడగాలి.
* సర్వీసు బిల్లుల్లో ఏడాదికి మించి ఖాళీ ఉందేమో గమనించాలి.
* ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచితే లోపాలు తెలియవు.
* సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో వరదల్లో ఎన్నో వాహనాలు మునిగాయి. ఈ సంగతి వయసూ చెప్పదు, మీటరూ చెప్పదు.
* బీమా సంస్థ నుంచి గత క్లెయిముల వివరాలు అడగాలి.
* ఆ కంపెనీ కార్లు తెలిసిన స్వతంత్ర మెకానిక్‌తో కారును పైకి ఎత్తించి కింది భాగం చూపించాలి. దీనికయ్యే ఖర్చు, కొన్న తర్వాత తేలే ఒక్క మరమ్మతు ఖర్చుతో పోలిస్తే స్వల్పమే.