మూగజీవాల పద్దు

కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో ఒకటి వైద్యం గురించి చెబుతుంది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించాడట. మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించాడట. బాటల వెంట బావులు తవ్వించి, చెట్లు పెట్టించింది కూడా ఇద్దరి కోసమే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటి సంగతి. మూగజీవాల కోసం ఖజానా తెరిచిన పద్దు తెలుగు నేల మీద ఇంతకంటే పాతది నాకైతే కనబడలేదు.

బొంబాయిలో 1832లో వీధికుక్కలను చంపించాలని ఇంగ్లీషు దొరలు తలకింత అని బహుమానం పెట్టారు. పార్సీలకు కుక్క పవిత్రం. మనిషి పోతే శవాన్ని కుక్కకు చూపించడం వాళ్ల అంత్యక్రియల్లో భాగం. దాంతో అంగళ్లు మూసి, ఇంగ్లీషువాళ్లుండే కోటలోకి సరుకులు పోకుండా అడ్డం పడ్డారు. గొడవ సద్దుమణిగాక 1834లో జంషెట్‌జీ జీజీభాయ్ అనే పార్సీ షావుకారు, అమీచంద్ షా అనే మరో వ్యాపారితో కలిసి ముసలి, కుంటి, దిక్కులేని జంతువుల కోసం పింజరాపోల్ కట్టించాడు. దాన్ని నడపడానికి వర్తకులు తమ సరుకు మీద తామే పన్ను వేసుకున్నారు. పన్ను తప్పించుకోవడానికి దారులు వెతికే వాళ్లే ఎక్కువైన ఈ రోజుల్లో వింతగానే ఉంటుంది.

లండన్‌లో 1824లో ఒక కాఫీ హోటల్లో కూర్చుని కొందరు పెద్దమనుషులు జంతుహింస నివారణ సంఘం పెట్టారు. పట్టుమని రెండేళ్లు తిరక్కుండానే అప్పుల్లో మునిగింది. ఆ అప్పులకు బాధ్యుడిగా ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరీ జైలుకు వెళ్లాడు! 1840లో విక్టోరియా రాణి అనుమతితో సంఘం పేరు ముందు ‘రాయల్’ చేరింది.

ఇంగ్లండ్‌లోనే ఎలిజబెత్ స్వెండ్‌సెన్ అనే ఆవిడ గాడిదల ఆశ్రమం నడిపేది. 1974లో ఒక పెద్దావిడ చనిపోతూ ఈమెకు వీలునామా రాసింది. ఆస్తి కాదు, 204 గాడిదలు!

అమెరికాలో హోటళ్ల మహారాణి లియోనా హెల్మ్‌స్లీది దీనికి తలకిందుల కథ. 2007లో చనిపోతూ ‘ట్రబుల్’ అనే తన కుక్కకు 1.2 కోట్ల డాలర్లు రాసింది. ఇద్దరు మనవలకు పైసా రాయలేదు. కోర్టు ఆ కుక్క వాటాను 20 లక్షలకు తగ్గించింది. ఒక్క కుక్కకు ఇన్ని కోట్లు పోయడాన్ని నేను ప్రేమ లెక్కలో వేయను.

ప్రేమంటే కైరో కథ. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం వేల గుర్రాలను ఈజిప్టులోనే అమ్మేసింది. 1930లో భర్తతో అక్కడికి వచ్చిన డొరొతీ బ్రూక్ కంట అవి పడ్డాయి. ఎముకలు తేలి, కుంటుకుంటూ, బళ్లు లాగుతూ ఉన్నాయి. ఒంటి మీద సైన్యం ముద్ర ఇంకా చెరగలేదు. 1931లో ‘మార్నింగ్ పోస్ట్’ పత్రికకు ఆమె ఒక ఉత్తరం రాసింది. పాఠకుల నుంచి విరాళాలు వచ్చిపడ్డాయి. ఆ డబ్బుతో మూడేళ్లలో 5,000 గుర్రాలను కొన్నారు. చాలావాటిని నొప్పి తెలియకుండా సాగనంపడం తప్ప చేయగలిగింది లేకపోయింది. అయితే బండివాణ్ని తిట్టి గుర్రాన్ని గుంజుకోలేదు, డబ్బిచ్చి కొన్నారు. వాడూ ఆ పూట గడవని మనిషే. 1934లో పెట్టిన ఆసుపత్రిలో బండ్లు లాగే గుర్రాలకూ గాడిదలకూ వైద్యం ఉచితం. జంతువును కాపాడాలంటే ముందు దాన్ని నమ్ముకున్న మనిషిని ఆదుకోవాలని ఆమె గ్రహించింది. ఈ లెక్కల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

అంతకుముందే లండన్ పేదవాడల్లో మరియా డికిన్ ఇదే దారి పట్టింది. డాక్టరుకు ఇచ్చుకోలేని వాళ్ల పెంపుడు జీవాల కోసం 1917లో ఒక నేలమాళిగలో ఉచిత దవాఖానా తెరిచింది. ఆమె పేరిట 1943లో మొదలైన జంతువుల శౌర్యపతకం ముందుగా అందుకున్నవి మూడు పావురాలు. ఇప్పటిదాకా పిల్లి మాత్రం ఒక్కటే, సైమన్.

ఢిల్లీలో ఎర్రకోట ఎదుట జైన మందిరంలో పక్షుల ఆసుపత్రి ఉంది. పావురం, చిలక వంటి శాకాహారులకు లోపల పడక దొరుకుతుంది. గద్ద వస్తే కట్టుకట్టి పంపించేస్తారు. మంచి జాగ్రత్తే!

రతన్ టాటా తన కుక్కకు కీలు ఆపరేషన్ కోసం అమెరికాలోని మిన్నెసోటా దాకా తీసుకెళ్లారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ అనుభవంతోనే టాటా ట్రస్టులు రూ.165 కోట్లతో ముంబయి మహాలక్ష్మిలో కట్టిన జంతువుల ఆసుపత్రి 2024లో తెరుచుకుంది. హైదరాబాదులో అక్కినేని అమల 1992లోనే బ్లూ క్రాస్ మొదలుపెట్టారు.

ఖర్చు లేని దానమూ ఉంది. సంక్రాంతికి వరికంకులను కుచ్చులా అల్లి చూరుకు వేలాడదీస్తే పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ గింజ ఒలుచుకుంటాయి. కింద వాకిట్లో ఊక రాలుతుంటుంది. పిచ్చుకకు రశీదు అక్కర్లేదు.

జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని వెనక నృత్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఉంది. మూగజీవాన్ని చావబాదినవాడికి మొదటి తప్పు కింద జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అంటే ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్ల ఖరీదు. ఇంత చవకైన శిక్ష ఉన్నంతకాలం విరాళాలు చిల్లుకుండలో పోసిన నీళ్లే.

ఆఖరుగా ఒక్క మాట. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు దేనికి వాడొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో జంతు సంక్షేమం కూడా ఉంది. మీ ఆఫీసులో ఆ పద్దు చూసేవాళ్లెవరో కనుక్కుని, మీ ఊరి పశువుల దవాఖానాకు ఏం కావాలో రాసి ఇవ్వండి.