దిగులు జబ్బూ, మెదడు బొమ్మలూ

పిల్లలూ! ఒకే వీధిలో ఇద్దరికి జ్వరం వచ్చిందనుకోండి. ఇద్దరి ఒళ్ళూ ఒకేలా కాలిపోతూంటాయి. కాని ఒకరిది మలేరియా, మరొకరిది టైఫాయిడ్. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఎవరికి తగిన మందు వారికిస్తాడు. ఒకరి మందు మరొకరికిస్తే రోగం తగ్గదు.

దిగులు జబ్బు కూడా ఇటువంటిదే కావచ్చునని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. మార్కులు తగ్గితే కలిగే దిగులు నాలుగు రోజుల్లో పోతుంది. అది జబ్బు కాదు. జబ్బయితే వారాల తరబడి వదలదు. ఆటలు రుచించవు, అన్నం సయించదు, నిద్ర సరిగా పట్టదు. దీన్ని పట్టి ఇచ్చే రక్తపరీక్ష లేదు. డాక్టరు రోగిని అడిగి తెలుసుకోవాలి. ఒక మందు ఇచ్చి, కొన్ని వారాలు చూసి, గుణం కనిపించకపోతే మరొకటి ఇవ్వాలి. అన్నాళ్ళూ రోగి బాధ పడవలసిందే.

మరి మెదడునే చూస్తే? పుర్రె లోపల ఉన్నదాన్ని చూడటం ఎలా? దానికొక యుక్తి ఉంది. మెదడులో ఏ భాగం ఎక్కువ పని చేస్తే, ఆ భాగానికి ప్రాణవాయువు నిండిన రక్తం ఎక్కువగా వస్తుంది. ప్రాణవాయువు ఉన్న రక్తమూ, లేని రక్తమూ అయస్కాంతం దగ్గర వేరువేరుగా ప్రవర్తిస్తాయి. ఈ తేడాను పట్టుకుని మెదడు పనితీరును బొమ్మ తీయవచ్చునని 1990లో సెయిజి ఒగావా అనే జపాను శాస్త్రజ్ఞుడు చూపాడు. దీనికి కత్తి అక్కరలేదు. పెద్ద అయస్కాంతపు గొట్టంలో కదలకుండా పడుకుంటే చాలు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లియాన్ విలియమ్స్ అనే ఆవిడా, ఆమె తోటివారూ దిగులు, ఆందోళన జబ్బులున్న 801 మంది మెదడు బొమ్మలు పరిశీలించారు. ఊరికే పడుకున్నప్పుడు కొన్ని, చిన్న చిన్న పనులు చేస్తున్నప్పుడు కొన్ని తీశారు. అన్నిటినీ పోల్చి చూసి, ఇందులో 6 రకాలున్నాయని 2024లో ప్రకటించారు. ఒక రకం వారికి ఒక మందు మిగతావారికన్న బాగా పని చేసింది. మరొక రకం వారికి మాటలతో చేసే చికిత్స ఎక్కువ గుణమిచ్చింది.

చిక్కు తీరిపోయిందా? లేదు. 2017లో మరికొందరు 4 రకాలన్నారు. 2019లో ఇంకొక బృందం వేరే రోగులమీద ఆ పద్ధతినే పరీక్షిస్తే, ఆ 4 రకాలూ గట్టిగా రుజువు కాలేదు. ఒకరికి కనిపించినది మరొకరికీ కనిపిస్తేనే శాస్త్రం ఒప్పుకుంటుంది. అందుకే బొమ్మ చూసి మందు రాసే రోజు ఇంకా రాలేదు.

అయినా అధైర్యపడనక్కరలేదు. ఇప్పుడున్న చికిత్సలతోనే ఎంతోమంది బాగుపడుతున్నారు. దిగులు జబ్బు సోమరితనమూ కాదు, నాటకమూ కాదు. మీకు గాని, మీ స్నేహితులకు గాని రెండు వారాలైనా దిగులు వదలకపోతే, అమ్మతోనో, నాన్నతోనో, మేష్టారితోనో చెప్పండి. జ్వరం వస్తే దాచుకోరు గదా!