రంగులు మూడు.. రుచి ఒక్కటే!

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్లే పుష్పక్ బస్సెక్కితే చాలామంది చేతుల్లో ఫోన్ గేమే. ఆడేవాళ్లకు కోపమొస్తే ఏమవుతుందో, గేమింగ్ ఉద్యోగాలు వెతికేవాళ్లూ తెలుసుకోవాలి.

2012 మార్చిలో కెనడా సంస్థ బయోవేర్ 'మాస్ ఎఫెక్ట్ 3' విడుదల చేసింది. మూడు భాగాల్లో తాము తీసుకున్న నిర్ణయాలకు చివర్లో విలువే లేదని, ముగింపులన్నీ రంగు మార్చిన ఒకే దృశ్యమని అభిమానులు భగ్గుమన్నారు. కొందరైతే ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో 400 కప్‌కేకులు పంపారు. రుచి మాత్రం అన్నిటికీ వెనీలానే!

మారిస్తే రచయితల స్వేచ్ఛ ఏమైనట్టు? మార్చకపోతే డబ్బు పెట్టి కొన్నవాళ్ల సంగతేంటి? బయోవేర్ మధ్యేమార్గం పట్టింది. జూన్‌లో ఉచితంగా ఇచ్చిన 'ఎక్స్‌టెండెడ్ కట్'లో పాత ముగింపులను అలాగే ఉంచి, వాటి పర్యవసానాలను వివరంగా చూపింది. ఆ దారులన్నిటినీ కాదనే అవకాశాన్నీ చేర్చింది. అయినా అందరూ శాంతించలేదు.

రేపు క్లయింట్ 'ఇది మార్చేయ్' అంటే వెంటనే తలూపొద్దు, భీష్మించుకోనూ వద్దు. ఆయన చెప్పే పరిష్కారం తప్పు కావచ్చు, ఇబ్బంది మాత్రం నిజమే. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే, ఏ విమర్శ విని ఏం మార్చారో, ఏది ఎందుకు మార్చలేదో చెప్పండి. 'అందరికీ నచ్చింది సార్' అనే జవాబు కంటే అదే నయం.