పాచికల బేస్‌బాల్‌లో పిచ్చర్ అలసట

బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడిని పిచ్చర్ అంటారు. వన్డే క్రికెట్‌లో బౌలర్‌కు పది ఓవర్ల పరిమితి ఉన్నట్టుగా అమెరికా మేజర్ లీగ్‌లో పిచ్చర్‌కు ఇన్ని బంతులేనన్న హద్దు లేదు గనుక, అతన్ని మార్చేవరకు ప్రతి బంతీ అతనే విసురుతాడు. ఒకసారి మైదానం విడిచి ఆటనుంచే తప్పుకున్నాక మాత్రం ఆ ఆటలో మళ్లీ పిచ్చర్‌గా రాలేడు. అతన్ని ఆపేది ప్రధానంగా భుజం, మోచేయి భరించగల శ్రమే. అందుకే నేడు ఆటను ఆరంభించే పిచ్చర్, అంటే స్టార్టర్, దాదాపు వంద బంతులు విసిరి నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకుంటాడు.

ఈ ఆటను బల్లమీద పాచికలతో, కార్డులతో ఆడించే పద్ధతి అమెరికాలో చాలాకాలంగా ఉంది. హాల్ రిచ్‌మన్ 1961లో మార్కెట్లోకి తెచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్‌లో ప్రతి ఆటగాడికీ అతని నిజమైన సీజన్ గణాంకాలనుంచి లెక్కగట్టిన ఒక కార్డు ఉంటుంది. ఒక పాచికపై 1 నుంచి 3 వరకు పడితే బ్యాటర్ కార్డు, 4 నుంచి 6 వరకు పడితే పిచ్చర్ కార్డు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. కార్డుకు మాత్రం తనంతట తాను అలసట రాదు. అలసటను నియమమే పుట్టించాలి, ఆ నియమం ఎంత సరిగ్గా ఉంటే ఆట అంత నిజంగా ఉంటుంది.

ఓక్లాండ్ జట్టు పిచ్చర్ డెనిస్ ఎకర్స్‌లీ 1990లో 63 ఆటల్లో 73 ఇన్నింగ్స్‌కు పైగా వేసి, ఫీల్డర్ల తప్పిదాలవల్ల వచ్చిన పరుగులను మినహాయిస్తే, ప్రతి తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 0.61 పరుగులే ఇచ్చాడు. ఇక్కడ ఇన్నింగ్స్ అంటే ముగ్గురు బ్యాటర్లను అవుట్ చేసే వ్యవధి. చివర్లో దిగి ఒక ఇన్నింగ్స్ వేసి ముగించడమే ఎక్కువగా అతని పని కాబట్టే ఆ సగటు సాధ్యమైంది. పరిమితి లేని పాచికల లీగ్‌లో ఎవరైనా అతని కార్డుతో రెండు వందల ఇన్నింగ్స్ వేయిస్తే అది ఎకర్స్‌లీ ఆట కాదు, ఆ కార్డుమీద అచ్చయిన అంకెల దుర్వినియోగం. సీజన్‌లో ఇరవై ఇన్నింగ్స్ మాత్రమే వేసి అదృష్టవశాత్తు మెరిసిన అనామకుల కార్డులతో ఈ చిక్కు ఇంకా పెద్దది.

చాలా లీగ్‌లు దీనికి విరుగుడుగా, నిజ జీవితంలో వేసినన్ని ఇన్నింగ్సే వేయించాలంటాయి. 162 ఆటల సీజన్‌లో ఒక జట్టుకు దాదాపు 1458 ఇన్నింగ్స్ కావాలి కనుక, ఈ నియమంతో మామూలు సగటుతోనైనా రెండు వందల ఇన్నింగ్స్ భరించే పిచ్చర్‌కు తగిన విలువ వస్తుంది. ఇది మంచి ఫలితమే. కానీ మొత్తం లెక్క ఒక్కటే చాలదు. ఎకర్స్‌లీకి ఉన్న 73 ఇన్నింగ్స్‌ను ఎనిమిది పూర్తి ఆటలుగా పోగుచేసి, గట్టి ప్రత్యర్థులమీదే వాడినా నియమం తప్పినట్టు కాదు. ఓడిన జట్టుకు మాత్రం అది అన్యాయమే. అందువల్ల పిచ్చర్ ఒక ఆటలో ఎంతసేపు భరించగలడో చెప్పే, కార్డుపై ముద్రించిన ఓర్పు అంకెను, ఆటకూ ఆటకూ మధ్య విశ్రాంతి దినాలను కలిపి పాటించాలి. 1999లో మార్కస్ హైన్సన్ విడుదల చేసిన అవుట్ ఆఫ్ ద పార్క్ వంటి కంప్యూటర్ ఆటల్లో విసిరిన బంతులనుబట్టి అలసటను యంత్రమే లెక్కిస్తుంది గనుక తగాదాలు తక్కువ.

అయితే అందరికీ ఒకే కొలత పెట్టడమూ పొరపాటే. 1974లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచ్చర్ మైక్ మార్షల్ ఆట మధ్యలోనే దిగుతూ 106 ఆటల్లో 208 ఇన్నింగ్స్ వేశాడు; ఒక దశలో వరుసగా 13 ఆటల్లో ఆడాడు. 1968లో పిచ్చర్ బాబ్ గిబ్సన్ తాను ఆరంభించిన 34 ఆటల్లో 28 ఆటలను తానే ముగించాడు. నేటి వంద బంతుల అలవాటును ఆ కాలపు కార్డులమీద రుద్దితే వాస్తవికత పేరుతోనే చరిత్ర చెడుతుంది. కొలత ఆ పిచ్చర్ రికార్డునుంచే రావాలి, ఆటగాళ్లను ఎంచుకోవడానికి ముందే అందరికీ తెలియాలి.

ప్లేఆఫ్‌లకు, అంటే సీజన్ చివరి పోటీలకు, వేరే నియమం తప్పనిసరి. 2014లో లీగ్ ఫైనలైన వరల్డ్ సిరీస్ ఐదో ఆటను ఒంటిచేత్తో ముగించిన శాన్ ఫ్రాన్సిస్కో పిచ్చర్ మాడిసన్ బమ్‌గార్నర్, రెండే రోజుల విశ్రాంతితో ఏడో ఆటలో దిగి, పరుగు ఇవ్వకుండా ఐదు ఇన్నింగ్స్ వేసి కప్పు గెలిపించాడు. అలాంటి సాహసానికి చోటివ్వని నియమం ఎంత కట్టుదిట్టమైనదైనా, దాన్ని వాస్తవికమైనదని అనలేం.